పేరు రాయొద్దన్న జవానక్కకు

మున్సిపల్ కమిషనర్‌గా నా మొదటి పోస్టింగ్ తెలంగాణలో ఒక చిన్న పట్టణం. 2019 మున్సిపాలిటీల చట్టం అప్పుడే వచ్చింది. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి, నాటిన మొక్కలు బతక్కపోతే అడిగేది మమ్మల్నే. టెన్షన్ మామూలుగా లేదు. ఫైళ్లు చూడటం ఎవరైనా నేర్పుతారు. ఊరు చూడటం మాత్రం, పారిశుద్ధ్య కార్మికుల పని దగ్గరుండి చూసే శానిటరీ జవానుగా మీరు నేర్పారు అక్కా.

తెల్లవారుజామున పారిశుద్ధ్య కార్మికుల హాజరు కాగానే 'కారొద్దు మేడం, నడిచి పోదాం' అన్నారు. చేతిలోని కర్రను మోరీలోకి దించి పైకి తీశారు. మోకాలెత్తు బురద అంటింది. పైన నీళ్లు పారుతున్నంత మాత్రాన పూడిక తీసినట్టు కాదని, బిల్లు మీద సంతకం పెట్టేముందు కర్ర దించి చూడమని చెప్పారు. ఇప్పుడు పెద్ద కార్పొరేషన్‌లో ఉన్నా ఆ పని మానలేదు. (కారులో బురద కర్ర పెడితే మా డ్రైవర్ గొణుగుతాడు, అది వేరే సంగతి.)

ఏ గల్లీలో తాగునీటి పైపు ఏ పక్కన పోతుందో మ్యాపులో లేకపోయినా మీకు తెలుసు. మొక్కల గుంతలు మీరు చూపిన చోటే తవ్వించాం. కౌన్సిల్ మీటింగ్‌లో మెచ్చుకోలు నాకొచ్చింది. అందులో పెద్ద వాటా మీది. పేరు రాస్తే ఊరుకోనన్నారు, రాయడం లేదు. చాలా థ్యాంక్స్ అక్కా.