తిరుచెంగోడు రిగ్ అన్నకు

సోమవారం నుంచి కొలిమిగుండ్ల దగ్గర సున్నపురాయి డ్రిల్లింగ్‌లో జియాలజిస్టుగా చేరుతున్నాను. సిమెంటు ఫ్యాక్టరీ కోసం కోర్, అంటే నేల లోపలి రాతిని కడ్డీల్లా, తీసే కాంట్రాక్టు పని. ఆర్డరు చేతికొచ్చినా నిద్ర పట్టట్లేదు, అందుకే తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరు బండితో వచ్చిన అన్నకు ఈ థ్యాంక్స్ ఇప్పుడే రాసేస్తున్నా.

2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్లారి గనులు ఆపేయమంది. అప్పుడు నేను సండూరు వైపు ఓ ఇనుప గనిలో ఉన్నాను. అక్కడి కొండల్ని ఎలా పీక్కుతిన్నారో కళ్లారా చూశాను కాబట్టి ఆ ఆర్డరును తప్పుపట్టను. కానీ 166 లీజుల్ని అక్రమాల తీవ్రతను బట్టి ఏ, బి, సి అని విడగొట్టినవాళ్లకు, జీతానికి పనిచేసిన మేం ఏ కేటగిరీలోకి వస్తామో పట్టలేదు. 2013 ఏప్రిల్‌లో ఏ, బి గనులు మళ్లీ తెరుచుకోవడానికి దారి దొరికింది. మాది సి, రద్దయింది. రావలసిన జీతాలు ఇంకా రాలేదు. ఇంటర్వ్యూకు వెళ్తే "ఓహో, బళ్లారా?" అని ఓ నవ్వు. జీఎస్ఐ (కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) పరీక్షకు వయసు దాటింది.

చివరికి కళ్యాణదుర్గం చుట్టుపక్కల రైతులకు బోరు పాయింట్లు చూడటం మొదలుపెట్టాను. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చెబుతూ తిరిగే ఆయనకున్న గిరాకీ నాకెక్కడిది!

అక్కడే పరిచయం ఈ తిరుచెంగోడు రిగ్ అన్న. పొలంలో డోలరైట్ డైక్ (నల్లరాతి చార) చూపించి, ఇది నేల కింద గోడలా నీటిని ఆపుతుంది, ఎగువన వేద్దాం అంటే నవ్వలేదు. "సార్ చెప్పిన చోటే" అని బండి తిప్పాడు. ఆ రోజు నుంచి ఎవరూ అడగకుండానే రాడ్డు రాడ్డుకూ పొడి పట్టి, గోనెపట్టా మీద వరసగా కుప్పలు పోయించేవాడు. నేను లేని రాత్రి గ్యాప్ (రాతిలో పగులు) తగిలితే, ఆ పొడిని ఖాళీ పాల కవర్లో కట్టి, అడుగులు రాసి, క్యాబిన్‌లో దాచేవాడు. గ్రానైట్ ఎక్కడ చివికింది, ఎక్కడ పగిలింది, అన్నీ నా నోటుబుక్కులోకి ఎక్కాయంటే అతని వల్లే.

ఒక రైతు పాయింటుకు నాకేమీ ఇవ్వలేకపోయాడు. అన్న మాత్రం "సార్, రైతు ఇచ్చాడు" అని ఐదొందలు నా జేబులో పెట్టాడు. తర్వాత ఆ రైతే సంతలో కనిపించి "మీకు బాకీ ఉన్నాను సార్" అన్నాడు. అక్కడే, చింతపండు బస్తాల మధ్య, నాకు ఏడుపు ఆగలేదు. అడిగితే అన్న వినబడనట్టు కంప్రెసర్ ఆన్ చేశాడు.

ఈ కాంట్రాక్టరుకు ఫోన్ చేసిందీ అతనే. ఆయన నా డిగ్రీ చూడలేదు, నోటుబుక్కు చూశాడు. అన్నకు తెలుగు చదవడం రాదు. ఎవరైనా చదివి వినిపించండి.

మా ఆవిడ, మామగారు ఇల్లు నడిపారు. థ్యాంక్స్ అంటే తిడతారు.

అయ్యో, రిగ్ మీది హెల్పర్ తమ్ముళ్లను మరిచాను, ఆ కుప్పలు పోసింది వాళ్లే కదా. రాళ్లు చూసే హ్యాండ్ లెన్స్ ఇచ్చి మళ్లీ అడగని పాత కొలీగ్‌కు కూడా థ్యాంక్స్. హోస్పేట మెస్ అక్కా, మీ ఖాతా గుర్తుంది, మొదటి జీతం రాగానే పంపిస్తా.