వార్తతో పాటు అది ఎలా తెలిసిందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

కుర్రకారు పత్రికలకు దూరమవుతోందనీ, ఫోన్‌లో వచ్చిందల్లా నమ్మేస్తోందనీ బాధపడుతూ ఈ మధ్య మీరు రాసిన సంపాదకీయం చదివాను. ఆ బాధలో నిజం ఉంది. కానీ తప్పంతా పిల్లల నెత్తిన రుద్దడం న్యాయం కాదనిపించింది. నేను బళ్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ఇప్పుడు ఆదివారాలు చెన్నై పెరంబూరులో మా ఇంటి హాల్లోనే చుట్టుపక్కల పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతున్నాను. బళ్లో తమిళం, ఇంగ్లీషు చదువుకుంటూ ఇంట్లో మాత్రమే తెలుగు మాట్లాడే పిల్లలు వీళ్లు. నిజమేదో తెలుసుకోవాలన్న పట్టుదల వాళ్లకు పెద్దవాళ్ల కంటే ఎక్కువే ఉంది. దాన్ని ఎక్కడ, ఎలా వెతకాలో చూపించేవాళ్లే లేరు. ఆ పని మీ పత్రిక చేయాలని అడగడానికే ఈ ఉత్తరం.

వానాకాలంలో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. చెంబరంబాక్కం చెరువు కట్ట తెగిందనీ, అరగంటలో ఇళ్లలోకి నీళ్లొస్తాయనీ, అందరూ మేడ మీదికి వెళ్లిపోవాలనీ ఎవరో ఒకాయన ఆయాసపడుతూ చెబుతున్నాడు. 2015 డిసెంబరు వరదలు చూసినవాళ్లం కదా, అందరికీ టెన్షన్ పట్టుకుంది. కింది వాటాలో ఉండే పెద్దాయన బియ్యం బస్తా భుజానికెత్తుకుని మెట్ల దగ్గరికి వచ్చేశారు. నా దగ్గరకు వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి మాత్రం ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ విని, "టీచర్, ఈయన పేరు చెప్పలేదు, తేదీ కూడా చెప్పలేదు" అంది. తర్వాత నగర నీటి సరఫరా సంస్థ మెట్రోవాటర్ వెబ్‌సైట్ తెరిచింది. నగరానికి నీళ్లిచ్చే చెరువుల్లో ఎంత నీరుందో అక్కడ రోజూ పెడతారు. చెంబరంబాక్కం పూర్తి మట్టం 24 అడుగులు. ఆ ఉదయం లెక్క దానికి బాగా తక్కువే ఉంది. ఆపైన మ్యాప్ తీసి చూపిస్తూ, "అయినా ఆ చెరువులోంచి వదిలిన నీళ్లు అడయారు నదిలోకి పోతాయి కదా టీచర్. సైదాపేట, కోట్టూరుపురం వాళ్లు భయపడాలి గానీ, పెరంబూరుకు ఎలా వస్తాయి?" అంది. అదే విషయాన్ని నాలుగు ముక్కల్లో రాసి గ్రూపులో పెట్టింది. పెద్దాయన బస్తా కిందికి దించారు.

ఆ అమ్మాయి చేసింది అచ్చంగా విలేకరి పనే. చెప్పినవాళ్లెవరో అడిగింది. ఎప్పటిదో అడిగింది. లెక్కలుండే చోటికి వెళ్లి చూసింది. సోషల్ పుస్తకంలో చదివిన నదుల పాఠాన్ని పనిలో పెట్టింది. ఆ పూట గ్రూపులో ఉన్న పెద్దవాళ్లలో ఒక్కరికీ ఈ నాలుగింట్లో ఒక్కటీ తోచలేదు.

పుకారుతో పోయేదేముందిలే అని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. 2015 వరదల్లో మొసళ్ల పార్కు నుంచి మొసళ్లు తప్పించుకుని బయటపడ్డాయని ఊరంతా పాకింది. మహాబలిపురం దారిలో ఉన్న ఆ పార్కు వాళ్లు, తమ మొసళ్లేవీ బయటికి పోలేదని చెప్పుకోవాల్సి వచ్చింది. 2018 మే నెలలో అయితే ప్రాణమే పోయింది. తిరువణ్ణామలై జిల్లాలో గుడికని బయల్దేరిన చెన్నై కుటుంబం దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇస్తే, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అనుకుని జనం విరుచుకుపడ్డారు. అరవై దాటిన ఒక పెద్దావిడ చనిపోయారు. అలాంటి పుకార్లే ఆ రోజుల్లో తెలంగాణలోనూ తిరిగాయి. జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పోలీసుల్ని ఊళ్లకు పంపి, డప్పులతో, పాటలతో జనానికి విషయం విడమరిచి చెప్పించారు. వాళ్ల భాషలో, వాళ్ల వీధిలోకే వెళ్లి చెప్పబట్టి విన్నారు. పిల్లల విషయంలో మనం చేయాల్సిందీ అదే.

పత్రికకూ ఆ వాయిస్ మెసేజ్‌కూ తేడా ఏమిటో చూపించడానికి నేను మీ పత్రికనే తీసుకున్నాను. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ముద్రించినవారు, ప్రచురించినవారు, సంపాదకుడు ఎవరో, ఎక్కడ అచ్చయిందో ఉంటుంది. ముద్రించినవారి పేరు, ఊరు వేయాలన్న నియమం 1867 నాటి చట్టం నుంచీ ఉంది. 2023లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. మా పిల్లల్లో ఒక్కరూ ఆ వరుస ఎన్నడూ చదవలేదు. తప్పు రాస్తే నిలదీయడానికి ఒక మనిషి పేరు, ఒక చిరునామా ఉన్నాయని తెలియగానే, "అయితే మనం అడగొచ్చా?" అన్నాడో కుర్రాడు. అడగొచ్చు అన్నాను. ముందు సంపాదకుడికి రాయాలి. జవాబు రాకపోతే, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కౌన్సిల్ మందలించగలదు, అభిశంసించగలదు, జరిమానా మాత్రం వేయలేదు. టీవీ చానళ్లు దాని పరిధిలోకే రావు. ఇవన్నీ విన్నాక వాళ్ల ముఖాలు చిన్నబోయాయి. అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మంచిది.

ఇక మీ వృత్తి వైపు నుంచి జరుగుతున్న పొరపాటు. గట్టిగా వాన పడితే చాలు, పిల్లలందరి కళ్లూ సెలవు వార్త మీదే ఉంటాయి. సెలవు ప్రకటించేది జిల్లా కలెక్టరు. చెన్నైది ఒక కలెక్టరు, పక్కనే ఉన్న ఆవడి తిరువళ్లూరు జిల్లాలోది కాబట్టి దానికి ఇంకొకరు. ఒక వార్తా వెబ్‌సైట్ ఏ కలెక్టరూ ఏదీ ప్రకటించక ముందే "చెన్నైలో స్కూళ్లకు సెలవు" అని పెట్టేసింది. కాసేపటికి చడీచప్పుడు లేకుండా తీసేసింది. పొరపాటు జరిగింది, క్షమించండి అన్న ఒక్క మాట లేదు. అది నమ్మి ఇంట్లో ఉండిపోయిన పిల్లలు మర్నాడు బళ్లో తిట్లు తిన్నారు. పత్రికల మీద పిల్లలకు నమ్మకం పోయేది పెద్ద పెద్ద కుంభకోణాల వార్తల దగ్గర కాదండీ, ఇలాంటి చోటనే. తప్పు ఎవరికైనా దొర్లుతుంది. గుట్టుచప్పుడు కాకుండా చెరిపేస్తే మాత్రం, దొరక్కపోతే చాలు అన్న పాఠం వాళ్లకు నేర్పినట్టే. మన ఊరి నుంచే 1878 నుంచి వస్తున్న 'ది హిందూ' 2006లో పాఠకుల ఫిర్యాదులు వినడానికి రీడర్స్ ఎడిటర్‌ను పెట్టింది. ఆ పేరుతో దేశంలో అదే మొదలు. తెలుగు పత్రికలకు ఆ మాత్రం ఓపిక ఎందుకుండకూడదు?

నిజం ఒక్క రోజులో తేలదని కూడా పిల్లలకు తెలియాలి. 2015 డిసెంబరు 2న 'ది హిందూ' మద్రాసులో అచ్చే కాలేదు. సిబ్బంది ప్రెస్సుకు చేరలేకపోయారు. ఆ రోజు అందరికీ తెలిసింది ఒక్కటే, నీళ్లొచ్చాయని. ఎందుకొచ్చాయన్నది ఆ తర్వాత ఏళ్ల తరబడి తవ్వితే గానీ బయటికి రాలేదు. 2018లో శాసనసభ ముందుకు వచ్చిన, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక దాన్ని మనుషులు తెచ్చిపెట్టిన విపత్తు అంది. మెసేజ్ అబద్ధమని పట్టుకోవడం అరగంట పని. ఎవరి నిర్లక్ష్యం వల్ల ఎవరి ఇల్లు మునిగిందో రుజువు చేయడం అలా కాదు. దానికి కాగితాలు కావాలి, సాక్షులు కావాలి, వెళ్లినచోటికే మళ్లీ వెళ్లగలిగిన మనిషి కావాలి. ఆ రెండో రకం పని కూడా ఉందని మా పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ.

తెలుగులో ఆ పని కొత్తదేం కాదు. 1874లో మొదలైన వివేకవర్ధని పత్రికలో కందుకూరి వీరేశలింగం లంచగొండుల గుట్టు బయటపెట్టారు. ఆంధ్రపత్రికను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1914 నుంచి దినపత్రికగా నడిపింది ఈ మద్రాసులోనే. మైలాపూరులో ఆయన పేరిట ఉన్న పార్కులో ఆడుకునే తెలుగు పిల్లలకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

కాబట్టి నా కోరిక ఇది. మీ పిల్లల పేజీలో కథలు, పొడుపు కథలు ఉండనివ్వండి. వారానికి ఒక్కసారి, ఆ వారం వేసిన ఒక్క వార్త తీసుకుని అది మీ దాకా ఎలా వచ్చిందో రాయండి. విలేకరి ఎవరితో మాట్లాడారు, ఎవరు ఫోన్ ఎత్తలేదు, డెస్కులో వార్తలు దిద్దే సబ్ ఎడిటర్ ఏ వాక్యం ఎందుకు కొట్టేశారు, ఏది రుజువు కాక వదిలేశారు, ఇవన్నీ. పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు ఎలా పెడతారో, 30 రోజుల గడువు దాటితే ఏం చేస్తారో మీ వాళ్లే రాస్తే ఇంకా బాగుంటుంది. సవరణ వేయాల్సి వస్తే, తప్పు మొదటి పేజీలో పడితే మొదటి పేజీలోనే వేయండి. పిల్లలు ప్రశ్నలు పంపితే జవాబు చెప్పే బాధ్యత ఒకరికి అప్పగించి, వాళ్ల పేరు వేయండి.

మా పిల్లలు తమ ప్రశ్నలు రాసి ఇచ్చారు. ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. కొందరి తెలుగులో తప్పులున్నాయి, నేను దిద్దలేదు. మొదటి ప్రశ్న మీ పత్రిక మూడో పేజీలో వచ్చిన వార్త గురించే: "ఓట్టేరి కాలువలో పూడిక తీయడం పూర్తయిందని రాశారు. మీ విలేకరి వచ్చి కాలువ చూశారా, లేక ఆఫీసర్లు చెప్పింది రాశారా? మా ఇల్లు కాలువ పక్కనే, వస్తే మేం చూపిస్తాం."

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
పెరంబూరు, చెన్నై