గుట్ట ఎక్కేందుకు దారి చూపండి
సంపాదకునికి,

నల్లగొండ దగ్గరి ఒక రక్షిత గుట్ట దగ్గర మొన్న ఆదివారం తాళ్లతో బండలెక్కడానికి (రాక్ క్లైంబింగ్‌కు) వెళ్లిన మా పిల్లలను గేటులోనే ఆపేశారు. పర్మిషన్ ఎవరిని అడగాలో చెప్పేవారే లేరు. ఏడో తరగతి పాప నడుముకు బిగించుకున్న బెల్టు కూడా విప్పకుండా తిరిగి బస్సెక్కింది. భువనగిరిలో కోట ఉన్న ఏకశిల మీదే క్లైంబింగ్ నేర్పుతున్నారు కదా! 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ పొందింది అక్కడే. చెట్టూ పుట్టా, జంతువులూ ముఖ్యమే, కాదనం. తేనెపట్లున్న బండల జోలికి, గద్దలు గూడు పెట్టిన చోటికి మేమే వెళ్లం. అడగకుండా తాడు తగిలించే బోల్టు ఒక్కటి కూడా రాతిలో దించం. అధికారులు, శిక్షకులు, గొర్రెలు మేపే ఊరివాళ్లు ఒక్కసారి కలిసి గుట్ట చుట్టూ నడిచి, ఎక్కదగ్గ బండలకు గుర్తు పెట్టాలి. అనుమతి ఎక్కడిస్తారో గేటు దగ్గర బోర్డు రాయించండి.

– ఒక తండ్రి, నల్లగొండ