తల్లిని చూపించని చోట కుక్కపిల్లను కొనవద్దు

సంపాదకులకు,

అయ్యా,

కొబ్బరితోటలో ఎలుకనూ పందికొక్కునూ వదలదన్న పేరు విని, జాక్ రసెల్ టెర్రియర్ కుక్కలను మా కోనసీమ ఊళ్లలో కొందరు ముచ్చటపడి తెచ్చుకుంటున్నారు. ఆ పేరు ఊరికే వచ్చింది కాదు. టెర్రియర్ అన్న మాటకు మూలం భూమి అనే అర్థమున్న లాటిన్ పదం. బొరియలో దూరి నక్కను బయటికి తరిమే కుక్క కావాలని, 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో జాన్ రసెల్ అనే క్రైస్తవ మతబోధకుడు ఏరి ఏరి పెంచిన సంతతి ఇది. ఆ ఏరిక మన దగ్గరకు వచ్చేసరికి మాయమైంది. ఆడకుక్క ఎదకు వస్తే దగ్గరలో ఎవరింట మగకుక్క ఉందో వాకబు చేసి క్రాసింగ్ చేయించడం, పుట్టిన పిల్లలకు నెల నిండీ నిండకుండానే బేరం పెట్టడం మామూలైపోయింది. నేనూ అదే పని చేశాను కనుక ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

మా ఇంట్లో చిట్టి అనే ఆడ జాక్ రసెల్ ఉంది. దాన్ని కొన్నప్పుడు తల్లిని మాకు చూపించలేదు, మేము అడగనూ లేదు. అది రెండు ఈతల్లో తొమ్మిది పిల్లలను పెట్టింది. ఐదో ఏట ఒక సాయంత్రం, రోజూ ఎక్కే అరుగు మెట్టు తప్పి కింద పడింది. కాలు బెణికిందనుకున్నాం. మర్నాటికి ఎడమ కన్ను ఎర్రబారి, నీరు కారుతూ ఉంటే ముంగాలితో రుద్దుకుంటూ మూలన పడుకుంది. టార్చిలైటు వేసి చూస్తే కంటిపాపలో ఒక పక్కన సన్నని నెలవంకలాగా మెరుపు కనిపించింది. కంటిలోని కటకం (లెన్స్) చోటు తప్పి జారిపోయిందని, లోపలి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని పశువైద్యులు చెప్పారు. ఆ కన్ను తీసేయవలసి వచ్చింది. కొన్ని నెలలకు రెండోదీ పోయింది. ఇప్పుడది గోడ వాసన పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వస్తుంది. కుర్చీని జానెడు జరిపినా తగులుకుని అక్కడే నిలబడిపోతుంది.

కొన్ని టెర్రియర్ జాతులలో ఈ జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. సాధారణంగా మూడేళ్లకూ ఎనిమిదేళ్లకూ మధ్య బయటపడుతుంది కాబట్టి, ఆ కుక్క అప్పటికే ఒకటి రెండు ఈతలు ఈని ఉంటుంది. దీనికి కారణమైన జన్యులోపాన్ని 2010లో గుర్తించారు. దూదిపుల్లతో చెంప లోపల తుడిచి తీసిన నమూనాతోనే పరీక్ష చేయవచ్చు. లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అందినప్పుడే సాధారణంగా జబ్బు వస్తుంది. ఒక్కటే మోస్తున్న కుక్క దాదాపుగా ఆరోగ్యంగానే తిరుగుతుంది గనుక పైకి చూసి కనిపెట్టలేం. అలాంటి రెండింటిని జత చేస్తే పుట్టే ప్రతి పిల్లకూ ఆ జబ్బు ముప్పు నాలుగింట ఒక వంతు ఉంటుంది. మా చిట్టికి పరీక్షలో రెండూ ఉన్నట్టు తేలింది. అంటే దాని పిల్లలన్నీ కనీసం ఒకటి మోస్తున్నట్టే. అలాగని ఒకటి మోస్తున్న కుక్కలన్నింటినీ పక్కన పెట్టేస్తే, మిగిలిన కొద్దిపాటి కుక్కల్లోనే మేనరికాలు పెరిగి వేరే జబ్బులు తలెత్తుతాయి. లోపం లేదని తేలిన కుక్కతో జత కలిపితే ఆ పిల్లలకు ఈ జబ్బు భయం దాదాపుగా ఉండదు. తెల్ల బుల్ టెర్రియర్లలో పుట్టుచెవుడు, యార్క్‌షైర్ టెర్రియర్లలో మోకాటి చిప్ప జారడం కూడా జత కట్టించే ముందే చూసుకోవలసినవి.

మన డెల్టా రైతు గేదెను కొనాలంటే తల్లి పాడి ఎంతో, ఇది ఎన్నో ఈతో అడిగి, రెండు పూటలా పాలు పితికించి చూసుకుని గాని డబ్బు తీయడు. అదే మనిషి ఫోనులో ఫొటో చూసి కుక్కపిల్లకు వేలు పోస్తున్నాడు. జాతి కుక్కల వంశాన్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ కాగితం ఉంటే చాలనుకుంటున్నాడు. ఆ కాగితం తల్లిదండ్రులెవరో చెబుతుంది గాని వాటి కళ్లు పరీక్షించారో లేదో చెప్పదు.

చట్టం లేక కాదు. కుక్కల పెంపకం, విక్రయంపై కేంద్రం 2017లో నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం అమ్మకానికి పిల్లలు పెట్టించేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. 18 నెలలు నిండని ఆడకుక్కకు, 8 ఏళ్లు దాటినదానికి జత కట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈత, జీవితకాలంలో ఐదుకు మించరాదు. 8 వారాలలోపు పిల్లను అమ్మకూడదు. మీ జిల్లా అనుబంధంలో వచ్చే కుక్కపిల్లల ప్రకటనల్లో నమోదు సంఖ్య ఉంటేనే అచ్చువేస్తామని మీరు నిర్ణయిస్తే కొనేవారికి అడగడం అలవాటవుతుంది. దయచేసి ఆలోచించండి.

చిట్టి పిల్లల్లో ఏడింటి యజమానులను కలిసి సంగతి చెప్పాను. 2021 సంక్రాంతికి ముందు రావులపాలెంలో చేతులు మారిన రెండింటి ఆచూకీ దొరకలేదు. ఒకటి మండపేట వైపు, ఒకటి తణుకు వైపు వెళ్లాయని మాత్రం తెలుసు. రెండూ ఆడవే. తెల్లని ఒళ్లు, గోధుమరంగు ఎడమ చెవి, తోక మొదట్లో రూపాయి బిళ్లంత మచ్చ ఉంటాయి. వాటిని పెంచుకుంటున్నవారు ఇది చదివితే, ఇకముందు క్రాసింగ్ చేయించే ముందు పరీక్ష చేయించండి, కన్ను ఎర్రబడితే ఒక్క రోజు కూడా ఆగకుండా వైద్యునికి చూపించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోనసీమ