ఏసీ చల్లబడకపోతే గ్యాసేనా?

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళంలో ఏసీ చల్లబడటం లేదని ఎవరికి చెప్పినా జవాబు ఒకటే, "గ్యాస్ అయిపోయుంటదండి". మా ఇన్వర్టర్ ఏసీకి ఈ వేసవిలో రెండుసార్లు గ్యాస్ కొట్టించాం, 5,000 రూపాయలు దాటింది, గదిలో ఉక్క మాత్రం అలాగే ఉంది. అసలు గ్యాస్ స్కూటర్లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, లీకైతే తప్ప తగ్గదు. ఆ లీకెక్కడో ఎవరూ వెతకలేదు మరి!

మూడోసారి వచ్చిన మెకానిక్ గుంటడు గ్యాస్ ప్రెషర్ చూసే గేజి తీయకముందే ఔట్‌డోర్ యూనిట్ మూత విప్పి, కంప్రెసర్‌కి తిరిగొచ్చే లావు పైపు మీద చెయ్యి పెట్టాడు. పైపు నిండా చెమట. దాన్ని అంటిపెట్టుకుని ఉండాల్సిన, వేడిని కొలిచే సెన్సర్, చిటికెన వేలి కొనంత రాగి గొట్టం, క్లిప్పు ఊడి గాల్లో వేలాడుతోంది.

పాత ఏసీల్లో గదిలోని కాయిల్‌కి గ్యాస్‌ని కొద్దికొద్దిగా వదలడానికి సన్నటి కేపిలరీ గొట్టం ఉండేది, దానికి ఎవరి మాటా వినే పని లేదు. ఇలాంటి వాటిలో ఆ పని చేసే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ని కొంచెం కొంచెంగా తిరిగే చిన్న స్టెప్పర్ మోటారు తిప్పుతుంది, ఎంత తిప్పాలో ఏసీలోని ఎలక్ట్రానిక్ బోర్డు చెబుతుంది, బోర్డుకేమో సెన్సర్లు చెప్పిందే వేదం. కాయిల్ చల్లదనానికీ ఈ లావు పైపు చల్లదనానికీ తేడా పెరిగితే కాయిల్‌కి గ్యాస్ చాలట్లేదనుకుని వాల్వ్ తెరుస్తుంది, తగ్గితే మూస్తుంది. మా సెన్సర్ మిషన్‌లోని వేడిగాలి లెక్క చెబుతుంటే బోర్డు పాపం నమ్మి వాల్వ్‌ని తెరుచుకుంటూ పోయింది, ఆవిరి కావాల్సిన గ్యాస్ ద్రవంగానే కంప్రెసర్ దాకా వచ్చేస్తోంది. దానిమీద మేం ఇంకా గ్యాస్ కొట్టించాం! ఇంకొన్నాళ్లు ఇలాగే నడిపితే కంప్రెసరే పోయేదట.

మల్టీమీటర్ పెట్టి చూస్తే సెన్సర్ బాగానే ఉంది. మా దానికి 25 డిగ్రీల దగ్గర రెసిస్టెన్స్ 10 కిలో ఓమ్‌లు రావాలి, వేడి పెరిగేకొద్దీ తగ్గాలి. చేత్తో గట్టిగా పట్టుకుంటే అంకె దిగడం నేనే చూశాను. క్లిప్పు బిగించి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టి, ఎక్కువైన గ్యాస్ లాగేసి, ఏసీకున్న కంపెనీ ప్లేటు మీద రాసిన గ్యాస్ బరువు ప్రకారం కాటా పెట్టి మళ్లీ నింపాడు.

కంపెనీలవాళ్లు ఔట్‌డోర్ యూనిట్ మూత లోపల ఈ సెన్సర్ల లెక్కలు తెలుగులో ఓ కాగితం మీద అంటించొచ్చు కదా? మెకానిక్కులు కూడా గ్యాస్ బిల్లులో ఎన్ని గ్రాములు కొట్టారో రాయాలి. మాకిచ్చిన రెండు బిల్లుల్లోనూ "గ్యాస్" అనే ఉంది, అంతే.

- ఒక పాఠకుడు, ఏడు రోడ్ల కూడలి, శ్రీకాకుళం