అన్న వేరు, అన్నం వేరు, జపాన్ ఇంకా వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో జపనీస్ భాషకి తల్లి మన తెలుగే అని ఒకాయన రాసింది చదివానండి, ఇన్నాళ్లూ వాట్సాప్‌లో తిరిగిన సరుకే అది, పేపర్లో కూడా ఎక్కేసరికి మా మిర్చి యార్డులో పొద్దున టీ కొట్టు దగ్గర అందరూ నమ్మేశారు. ఆయన చూపించిన పెద్ద సాక్ష్యం ఏంటంటే మనం అన్న అంటాం, జపాన్ వాళ్లు సొంత అన్నయ్యని 'అని' అంటారు. అంతే, చుట్టరికం కలిసిపోయింది.

ఆ లెక్కన టర్కీ వాళ్లు అమ్మని 'అన్నె' అంటారు, మరి అక్కడ అన్నయ్య అమ్మ ఎలా అయ్యాడో కూడా ఆయనే చెప్పాలి. జపనీస్‌లోనే 'అనె' అంటే అక్క, 'అన' అంటే బొక్క. కావాల్సింది ఏరుకుని మిగతాది పక్కన పడేస్తే ఏ భాషకైనా ఏ భాషనైనా తల్లిని చేసెయ్యొచ్చు.

అంత దూరం ఎందుకు, అన్నం తిన్నావా అన్నా అని రోజూ అంటాం కదా, ఆ రెండు మాటలకీ ఏ సంబంధమూ లేదు. అన్న మన ద్రావిడ మాట, కన్నడంలో అణ్ణ, తమిళంలో అణ్ణన్. అన్నం సంస్కృతం నుంచి వచ్చింది, అక్కడ 'అద్' అంటే తినడం. 2018లో అన్న క్యాంటీన్లు పెట్టినప్పుడు ఎన్టీఆర్‌ని అన్నగారు అంటారు కాబట్టి ఆ పేరు పెట్టారు, కానీ ఐదు రూపాయలకి ప్లేటు తీసుకునే వాళ్లలో అది అన్నం క్యాంటీన్ అనుకునేవాళ్లు ఉన్నా ఆశ్చర్యం లేదు (అనుకున్నా నష్టం లేదు లెండి). అసలు తమాషా ఏంటంటే ఆ 'అద్'కి నిజమైన చుట్టం ఇంగ్లీషు 'ఈట్'. వినడానికి ఎక్కడా పోలిక లేదు, కానీ సంస్కృతంలో ద ఉన్న చోట ఇంగ్లీషులో ట వస్తుంది, ద్వి – టూ, దశ – టెన్, దంతం – టూత్, అలా వరసగా కలుస్తాయి. ఒక్క మాట కలిస్తే కాదండీ, వరస కలిస్తేనే చుట్టరికం. మనకి కన్నడంతో ఉన్నది అలాంటిదే, వాళ్లు కివి అంటే మనం చెవి, వాళ్లు కెరె అంటే మనం చెరువు, వాళ్లు కెడు అంటే మనం చెడు, వెనకాలే ఇ గానీ ఎ గానీ వచ్చిన క మన దగ్గర చ అయిపోయింది.

చిన్న మాటలు ఎందుకు కలుస్తాయంటే అందులో పెద్ద మర్మం ఏం లేదు. పదిహేను హల్లులు, ఐదు అచ్చులు అనుకుంటే ఒక్క అక్షరం మాటలు 75 మాత్రమే వస్తాయి, లోకంలో 7,000 దాకా భాషలున్నాయి, ఇంక గుద్దుకోక ఏం చేస్తాయి. 'మా' చూడండి, మనకి మాది, హిందీలో అమ్మ, సంస్కృతంలో వద్దు, ఇటాలియన్‌లో కానీ, హంగరీ వాళ్లకి ఈరోజు, చైనా వాళ్లకైతే స్వరం మారిస్తే అమ్మ, గుర్రం, జనపనార, తిట్టు కూడా. దానికి తోడు తెలుగూ జపనీసూ రెండిట్లోనూ మాటలు ఎక్కువగా అచ్చుతోనే ఆగుతాయి కాబట్టి చెవికి దగ్గరగా అనిపిస్తాయి.

మా యార్డులో మిర్చి బస్తాని టిక్కీ అంటాం, రోజూ మీ పేపర్లోనే ఇన్ని టిక్కీలు వచ్చాయి అని వేస్తారు. ఢిల్లీ నుంచి కొత్తగా వచ్చిన వ్యాపారి ఒకాయన, మా గుమస్తా కుర్రాడు ఫోన్లో రెండొందల టిక్కీలు లోడ్ అయినాయ్ అంటుంటే పగలబడి నవ్వాడు, వాళ్లకి టిక్కీ అంటే పెనం మీద కాల్చే బంగాళదుంప బిళ్ల. ఆయన్నే మధ్యాహ్నం మెస్‌కి తీసుకెళ్లి నేను చాలు చాలు అంటుంటే, ఏంటి మీరు ఇంకా పొయ్యమంటున్నారు అని అడిగాడు, వాళ్లకి చాలూ అంటే నడుస్తోంది అని. దీన్ని బట్టి గుంటూరుకీ ఢిల్లీకీ భాషాబంధం అని నేనేమీ వ్యాసం రాయలేదు.

ఆస్ట్రేలియాలో అంబబరం అని ఒక ఆదివాసీ భాష ఉండేది, అందులో కుక్కని 'డాగ్' అనే పిలిచేవాళ్లు. 1960ల్లో డిక్సన్ అనే భాషాశాస్త్రవేత్త ఇది విని, ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నారులే అని వదిలెయ్యకుండా పక్క భాషలు చూస్తే అక్కడ కుక్క 'గుడగ', అదే అరిగి అరిగి అలా అయింది. చూశారా, పోలిక కనిపిస్తే చెయ్యాల్సిన పని అదండీ. జపాన్ పండితుడు సుసుము ఓనో కూడా తమ భాషకి తమిళంతో చుట్టరికం ఉందని ఏళ్ల తరబడి వాదించారు, వందల మాటలు పోగేశారు, అయినా భాషాశాస్త్రం వాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. ఆయనకే కుదరనిది ఒక్క అన్నతో మనకి కుదురుతుందా.

ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు అరకు వైపు కొండల్లో మాట్లాడే 'కొండ' అనే భాషకి వ్యాకరణం రాశారు. తెలుగుకి బాగా దగ్గర చుట్టాలంటే అదీ, గోండీ, కుయీ, కువీ. వాటి గురించి మీ అనుబంధంలో ఇంతవరకు ఒక్క పేజీ వచ్చినట్టు నాకు గుర్తులేదు. వచ్చే ఆదివారం కొండ మాటలూ తెలుగు మాటలూ పక్కపక్కన వెయ్యండి, జపాన్‌కి పెట్టినంత పెద్ద హెడ్డింగే దానికీ పెట్టండి.

ఇట్లు
మిర్చి యార్డు కమీషన్ షాపు నుంచి ఒక పాఠకుడు, గుంటూరు