కొండపల్లి అడవి మ్యాప్ జనం ముందు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

కొండపల్లి రిజర్వ్ ఫారెస్టులో గ్రావెల్ తవ్వుతున్నారని పేపర్లలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. వార్త వచ్చాక అధికారులు వెళ్తారు, నాలుగు రోజులు హడావుడి, తర్వాత మామూలే. అప్పటికే కొండకు గండి పడిపోయి ఉంటుంది. పైనుంచి అడవిని చూసే ఉపగ్రహాలు ఇన్ని ఉన్నాయి కదా, మరి ముందే ఎందుకు పట్టుకోరు? పట్టుకుంటే మాకెందుకు చెప్పరు?

బ్రెజిల్ వాళ్లు అమెజాన్ అడవిని 1988 నుంచి ఏటా ఉపగ్రహాలతో కొలుస్తున్నారు. చెట్లు ఎక్కడ కొట్టేస్తున్నారో అప్పటికప్పుడు చెప్పే డెటెర్ అనే ఏర్పాటు 2004లో తెచ్చారు. ఆ ఏడాది దాదాపు 27,800 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది, 2012కి అది 4,600 లోపుకు దిగింది. ఫొటోలు తీస్తేనే అడవి మిగిలిపోదు లెండి, ఆ సమాచారం పట్టుకుని సిబ్బంది లోపలికి వెళ్లారు, జరిమానాలు వేశారు, రూల్స్ పాటించని వాళ్లకు బ్యాంకు అప్పులు ఆపేశారు. పైగా ఆ లెక్కలు అందరికీ కనబడేవి. 2019లో అప్పటి అధ్యక్షుడు బోల్సొనారో ఆ లెక్కలు తప్పన్నాడు, వాటిని ఇచ్చే అంతరిక్ష పరిశోధన సంస్థ డైరెక్టర్ రికార్డో గాల్వావ్‌ను తీసేశారు, అయినా లెక్కలు దాచడం కుదరలేదు.

మన దగ్గర డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్లకోసారి రిపోర్టు ఇస్తుంది. అందులో హెక్టారు, ఆపైన ఉన్న నేలలో పది శాతం మించి చెట్ల నీడ ఉంటే చాలు, ఎవరి భూమైనా అడవి విస్తీర్ణమే. అంటే నూజివీడు మామిడి తోట కూడా ఆ లెక్కలోకి రావచ్చు. ఇక్కడ తెల్లపొణికి చెట్లు పోయి ఇంకెక్కడో తోట పెరిగితే మొత్తం మీద పచ్చదనం తగ్గనట్టే కనబడుతుంది, కానీ కొండపల్లి బొమ్మ చేసేవాళ్లకు కావాల్సింది ఆ తెల్లపొణికే కదా!

మన అడవులు ఎండాకాలం ఆకు రాలుస్తాయి కాబట్టి ఏ నెల ఫొటోను నిరుటి అదే నెల ఫొటోతోనే పోల్చాలి. వానాకాలం మబ్బులు అడ్డమంటారా, మన శ్రీహరికోట నుంచే 2025 జులై 30న వెళ్లిన నైసార్ ఉపగ్రహం రాడార్‌తో మబ్బులోంచి కూడా చూస్తుంది, రాత్రి కూడా చూస్తుంది, 12 రోజులకోసారి అదే చోటికి తిరిగొస్తుంది. ఇక వంకేముంది?

అడవి మంటల విషయంలో ఇది కొంత జరుగుతూనే ఉంది. నల్లమలలో ఉపగ్రహానికి మంట కనిపిస్తే ఫారెస్ట్ సర్వే వాళ్ల మెసేజ్ ఫోన్‌కు వస్తుంది, పేరు నమోదు చేసుకుంటే మామూలు జనానికీ వస్తుంది. కాకపోతే ఉపగ్రహం ఫొటోలో మంటను చూపే చుక్క నేల మీద సుమారు 375 మీటర్ల చదరం, అందులో మంట ఎక్కడుందో గుట్టలెక్కి వెతకాల్సింది బీట్ ఆఫీసరే. ఆయనకు మనుషుల్ని, బండిని ఇవ్వకుండా ఎన్ని మెసేజ్‌లు పంపినా ఏం లాభం?

అటవీ శాఖను అడిగేది ఇదే. కొండపల్లి అడవిలో వచ్చిన మార్పుల మ్యాప్ నెలనెలా తెలుగులో ఆన్‌లైన్‌లో పెట్టండి. తేడా కనబడిన ప్రతి చోటుకీ ఏ తారీఖున వెళ్లారు, ఏం చూశారు, ఎవరి మీద కేసు పెట్టారు అన్నది పక్కనే రాయండి. నల్లమల అంతటికీ టైమ్ పడుతుందంటే సరే, ముందు కొండపల్లితో మొదలుపెట్టండి.

- ఒక పాఠకురాలు, భవానీపురం, విజయవాడ